కుర్చీ మీద దరువు

అనసూయ తంబుర మీటి ఉప్పెన కథలో రెండో ఘట్టం ఎత్తుకుంటుండగా, వెనక వరసలోంచి ఒక మనిషి లేచి ముందుకు నడిచొచ్చాడు. పెద్దల కోసం వేసిన ప్లాస్టిక్ కుర్చీల్లో ఖాళీగా ఉన్న చివరి కుర్చీలో కూర్చున్నాడు. తెల్లచొక్కా, మెడలో మడత నలగని కండువా. కొండమ్మ చెయ్యి చంకన తగిలించుకున్న మట్టి గుమ్మెట మీద ఆడుతూనే ఉంది, నోరు "తందాన తాన" అంటూనే ఉంది. చూపు మాత్రం ఆ కుర్చీ దగ్గరే ఆగింది.

ఆ మనిషి వినోద్ కుమార్. స్నేహలత మొగుడు.

కొండమ్మ మొహం జనం వైపే ఉంచి కంటికొసతో ఎడమవైపు చూసింది. స్నేహలత కూడా చూసేసింది. ఆ పిల్ల అడుగు తడబడలేదు, గజ్జెల చప్పుడు తప్పలేదు. కానీ పెదవుల మీద రంగు పోయింది.

పిట్టలవానిపాలెం దాటి లోపలికి వెళ్తే వచ్చే చిన్న ఊరది. లూథరన్ గుడి ముందు షామియానా వేసి కోత పండుగ చేస్తున్నారు. మధ్యాహ్నం వేలంపాట అయింది. పాడుకున్న గుమ్మడికాయలూ, కాళ్ళు కట్టిన కోళ్ళూ, కొత్త ధాన్యం బస్తాలూ ఎవరివి వాళ్ళ పక్కన పెట్టుకుని జనం పట్టాల మీద కూర్చున్నారు. గుడి వెనక విందుకు డేగిసాలు పొయ్యెక్కాయి. వడ్డనలయ్యే లోపు బుర్రకథ. సంఘ పెద్ద ఎబినేజర్ గారు తెనాలి వచ్చి అనసూయ దళాన్ని మాట్లాడుకుని వెళ్ళారు.

దళమంటే ముగ్గురే ఆడవాళ్ళు. నడుమ కథ చెప్పేది అనసూయ. కుడివైపు హాస్యం కొండమ్మది. కథ మధ్యలో తెలియనట్టు అడ్డం వచ్చి జనాన్ని నవ్వించడం ఆమె పని. ఎడమవైపు వంత స్నేహలత. ఆ స్థానంలో ఉన్నవాళ్ళు కథను ఆపి ఇప్పటి లోకం సంగతులు నాలుగు చెప్పాలి. ఈ పిల్ల మాత్రం దళంలో చేరినప్పటి నుంచీ ఆ పని చెయ్యలేదు. గుమ్మెట వాయిస్తే పక్కన వాయించేవాళ్ళకే ఒళ్ళు పులకరిస్తుంది గానీ, మైకు ముందు నోరు పెగలదు. ఆ నాలుగు మాటలూ కొండమ్మే చెప్పేసేది.

మొన్న వానాకాలంలో రేపల్లె బండి దిగి, తడిసిన బట్టలతో అనసూయ ఇంటి అరుగు మీద కూర్చుంది స్నేహలత. కుడిచేతి బొటనవేలు వంకరగా అతుక్కుని ఉంది. అడగ్గా అడగ్గా చెప్పింది. రేపల్లెలో ఒక కథ రోజున జనం వినోద్ కుమార్ వాయిస్తుంటే ఊరుకుని, ఆమె వాయిస్తుంటే చప్పట్లు కొట్టారంట. ఇంటికెళ్ళాక ట్రంకుపెట్టె మూత ఆ చేతి మీద పడింది. "పడింది" అనే అంది. ఎవరు వేశారో చెప్పలేదు, చెప్పనక్కర్లేకపోయింది. ఇప్పుడు ఆమె లేకపోతే అతని దళాన్ని ఎవరూ పిలవడం లేదని నలుగురూ అనుకుంటున్నారు. వస్తాడని కొండమ్మకు తెలుసు. ఇలా జనం మధ్యకు, నవ్వు మొహంతో వస్తాడని అనుకోలేదు.

వినోద్ కుమార్ కాలు మీద కాలు వేసుకున్నాడు. కుడిచెయ్యి కుర్చీ చేతి మీద పెట్టి వేళ్ళు ఆడించడం మొదలుపెట్టాడు. చూసేవాళ్ళకు తాళం వేస్తున్నట్టే ఉంది. పక్కన కూర్చున్న ఎబినేజర్ గారు కూడా, ఎవరో రసికుడు అనుకుని తల ఊపారు.

అది తాళం కాదు.

కథ చెప్పేటప్పుడు ముగ్గురూ జనం వైపే చూడాలి. ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి వీల్లేదు. అందుకని అనసూయ తండ్రి వీరాస్వామి తన కాలంలో గుమ్మెటకు మాటలు నేర్పాడు. తోలు మీద ఒక రకంగా వేస్తే సాగదీయమని. ఇంకో రకంగా వేస్తే ముగించమని. అంచు మీద ఒక్క దెబ్బ వేస్తే "మాట నీది" అని. కుండ మూతిని అరచేత్తో మూస్తూ తెరుస్తూ గూఁ గూఁ మనిపిస్తే ఆపద వచ్చిందని. దొరల మీద కథలు కట్టే రోజుల్లో పోలీసులు పందిట్లోకి అడుగుపెడితే ఈ మాటలతోనే కథ చప్పున కట్టేసేవాళ్ళంట. జనానికి అది దరువు. ఆ ముగ్గురికీ అది భాష. దళంలో చేరినవాళ్ళకు తప్ప ఇంకెవరికీ చెప్పకూడదని వీరాస్వామి కట్టడి.

వినోద్ కుమార్ పడుచుతనంలో గుమ్మెట నేర్చుకుంది ఆ వీరాస్వామి దగ్గరే. రేపల్లె వెళ్ళి సొంత దళం పెట్టుకున్నాక పెళ్ళానికీ ఆ మాటలు నేర్పాడు. ఇప్పుడు అన్ని వందల మంది జనంలో ఆ భాష తెలిసినవాళ్ళు నలుగురే. ముగ్గురు స్టేజీ మీద, ఒకడు కుర్చీలో.

ముగించు, అంటున్నాయి అతని వేళ్ళు. ముగించు. ముగించు.

స్నేహలత కుడిచెయ్యి ఒక్క దెబ్బ తప్పింది. జనంలో ఎవరికీ తెలియలేదు. కొండమ్మకు తెలిసింది. ఆ పిల్ల తప్పడం ఆమె ఇంతవరకు వినలేదు.

కొండమ్మ లోపల లెక్కలు వేసుకుంది. కథ నడుస్తున్నంతసేపూ భయం లేదు. గజ్జె కట్టిన మనిషి మంగళం పాడేదాకా కథకు చెందినది. మొగుడైనా కన్నతండ్రైనా సరే, వచ్చి చెయ్యి పట్టుకోకూడదు, బయటికి పిలవకూడదు. అటు రేపల్లె దళాలైనా ఇటు తెనాలి దళాలైనా ఈ కట్టడి తప్పవు. తప్పినవాణ్ణి ఏ ఊరూ మళ్ళీ కథకు పిలవదు. అందుకే వాడు కుర్చీలో కూర్చుని మంగళం కోసం చూస్తున్నాడు. మంగళం అయ్యాక ఏమవుతుంది? గుడి పక్కన కారు ఒకటి ఆగి ఉంది. ఇందాకటి వరకు లేదది. జనం విందుకు లేస్తారు, పిల్లలు ఆకుల కోసం పరిగెడతారు. ఆ సందట్లో మొగుడూ పెళ్ళాం కారెక్కితే ఎవరు ఆపుతారు? ఎందుకు ఆపుతారు?

అనసూయకు ఇదేమీ తెలియదు. కళ్ళజోడు పెట్టుకుని స్టేజీ ఎక్కదు ఆమె. ముందు వరస కూడా ఆమెకు మసకే. చెప్పాలి. ఎలా చెప్పాలి?

తోచీ తోచక కొండమ్మ గుమ్మెట మూతి మీద అరచెయ్యి వేసి గూఁ గూఁ మనిపించింది.

వాయించిన తరవాత తెలిసింది ఎంత పని చేసిందో. ఆపద అంటే వీరాస్వామి లెక్కలో గాలివాన, పందిరికి నిప్పు, పోలీసు. ఏదైనా సరే, కథకురాలు చెయ్యాల్సింది ఒకటే. ఎక్కడున్న కథను అక్కడ కట్టిపెట్టి మంగళం ఎత్తుకోవడం. చిన్నప్పటి నుంచీ ఎముకల్లో పట్టిన అలవాటది. అనసూయ ఎందుకని అనుకోలేదు. తంబుర భుజం మార్చింది. ఉప్పెనలో పడవ నడుపుతున్న అక్కమ్మను రెండు చరణాల్లో గట్టు చేర్చేసింది. సముద్రం వెనక్కి తగ్గిందని చెప్పేసింది. "అంతట ఆ అక్కమ్మ తల్లి..." అంటూ గొంతు దించుతోంది. ఆ తరవాత వచ్చేది మంగళమే.

కుర్చీలో వినోద్ కుమార్ నవ్వాడు. అతనికి అంతా వినిపించింది మరి.

"అక్కా, అక్కా! ఆగాగు!" కొండమ్మ ఒక్క గెంతు ముందుకు గెంతింది. "నాకో సందేహం."

కథకురాలు ఏ చరణంలో ఉన్నా, హాస్యగాళ్ళు సందేహం అన్నాక ఆగి జవాబు చెప్పి తీరాలి. అనసూయ ఆగింది. ఆపద అని నువ్వే వాయించి నువ్వే అడ్డం పడతావేంటన్నట్టు ఉరిమి చూసింది. పైకి మాత్రం, "నీ సందేహాలకేం కొండమ్మా, గుమ్మడిపాదుకు పిందెలు పడ్డట్టు పడతానే ఉంటయ్. అడుగు," అంది.

"ఆ అక్కమ్మ ఒంటిచేత్తో పడవ నడిపి ఊళ్ళో సగం మందిని గట్టు దాటించింది అన్నావ్. బాగుంది. మరి అంతసేపూ ఆమె మొగుడు ఏం చేస్తన్నాడక్కా?"

ఆడవాళ్ళ వైపు నుంచి నవ్వు లేచింది.

"నిద్రపోతన్నాడే."

"ఉప్పెనొచ్చినా?"

"మంచం కింద నీళ్ళొస్తే పైకి జరిగి పడుకున్నాడు."

"ఓహో! మా ఎబినేజర్ గారి కోడి కూడా ఇందాక వేలంలో అట్టాగే పడుకుందక్కా. చచ్చిందేమోనని సగం ధరకే ఇచ్చారు. ఆయన చేతిలోకి రాగానే లేచి కూత!"

ఎబినేజర్ గారు కూడా కడుపు పట్టుకుని నవ్వారు. కొండమ్మ ఆ నవ్వు చల్లారకుండా ఇంకోటి అందుకుంది, దాని వెనక ఇంకోటి. మాట మాటకూ మధ్య గుమ్మెట మీద సాగదీయి, సాగదీయి అని కొట్టింది. అనసూయకు ఏదో అర్థమైంది, ఏదో కాలేదు. కానీ ముసలి ప్రాణం కథ నడిపి నడిపి ఆరితేరింది. అక్కమ్మను మళ్ళీ పడవెక్కించింది. గట్టున ఇంకా మనుషులు మిగిలారంది. ఉప్పెన తిరిగి వచ్చింది.

అటు కుర్చీ మీద వేళ్ళు ఆగలేదు. వాళ్ళు సాగదీయి అంటే అవి ముగించు అంటున్నాయి. రెండు దరువులూ ఒకదాని మీద ఒకటి పడుతుంటే స్నేహలత వాటి మధ్యలో నిలబడి వాయిస్తోంది. చెంపల మీద చెమట కారుతోంది.

పొద్దు వాలుతోంది. గుడి వెనక నుంచి మసాలా వాసన వస్తోంది. పిల్లలు వెనక్కి తిరిగి చూడటం మొదలుపెట్టారు. ఎబినేజర్ గారు వాచీ చూసుకుని, ఇక కానివ్వండమ్మా అన్నట్టు చెయ్యి చూపించారు. అనసూయ గొంతు బొంగురు పోతోంది. ఇంకెంతసేపు? ఉప్పెనను ఎన్నిసార్లు తిప్పుతారు?

అప్పుడు వినోద్ కుమార్ లేచాడు. వంగి ఎబినేజర్ గారి చెవిలో ఏదో చెప్పాడు. ఆయన మొహం వెలిగిపోయింది. ఇద్దరూ స్టేజీ మెట్ల వైపు వచ్చారు. వినోద్ చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులోంచి ఎర్రశాలువా అంచు కనిపిస్తోంది.

"ఒక్క నిమిషం, ఒక్క నిమిషం అమ్మా," ఎబినేజర్ గారు మైకు అందుకున్నారు. "ప్రియులారా, మనకెంతో సంతోషకరమైన వార్త. ఇంతసేపూ మన మధ్యన ఒక కళాకారుడు, ఏ ఆర్భాటం లేకుండా, మనలో ఒకడిలాగా కూర్చుని ఉన్నారు. రేపల్లె వినోద్ కుమార్ గారు. ఇదిగో, మన స్నేహలతమ్మ భర్తగారు! భార్య కథ వినటానికి అంత దూరం నుంచి కారు మాట్లాడుకుని వచ్చారంటే చూడండి. ఆయన చేతుల మీదుగా ఆ బిడ్డకు శాలువా కప్పాలని ఆశపడుతున్నారు. గట్టిగా చప్పట్లు!"

షామియానా మోగిపోయింది. "అబ్బో, ఎంత ప్రేమో!" అంది ముందు కూర్చున్న ఒకావిడ పక్కావిడతో. "మా ఆయన పక్కీధికి రాడు."

అనసూయ తంబుర మీద చెయ్యి ఆగిపోయింది. పేరు విన్నాక గానీ ఆమెకు విషయం అందలేదు. మంగళం దాకా స్టేజీ ఎక్కకూడదన్న కట్టడి ఉందని అడ్డం చెబుదామనుకుంది. ఏమని చెబుతుంది? ఈ మధ్య శాలువాలు కథ నడుమనే కప్పుతున్నారు. ఎమ్మెల్యేలు, సర్పంచులు, దాతలు ఎవరొస్తే వాళ్ళు ఎక్కేస్తున్నారు, దళాలన్నీ ఒప్పుకుంటున్నాయి. తనూ ఒప్పుకుంది. ఆ సందులోంచే వీడొచ్చాడు.

వినోద్ కుమార్ చెప్పులు విడిచి, స్టేజీకి దణ్ణం పెట్టి మరీ ఎక్కాడు. అనసూయ కాళ్ళకు వంగాడు. "బాగున్నారా అక్కా? ఆరోగ్యం జాగ్రత్త. గొంతు కాస్త పట్టేసినట్టుంది." ఆమె కాళ్ళు వెనక్కి తీసుకుంది. అతను శాలువా విప్పి స్నేహలత వెనక్కి వెళ్ళి, నలుగురికీ కనిపించేట్టు నెమ్మదిగా కప్పాడు. కప్పి రెండు భుజాల మీదా చేతులు వేసి నిలబడ్డాడు. ఎవరో సెల్‌ఫోన్‌తో ఫొటో తీశారు.

కొండమ్మ అతని మొహం చూడలేదు. చేతులు చూసింది. ఎర్రశాలువా మీద కుడిచేతి వేళ్ళు కదులుతున్నాయి, మెత్తగా, ఎవరికీ వినపడకుండా.

ముగించు.

స్నేహలత కళ్ళు దించుకుంది. తల ఊపింది. చెయ్యి మెల్లిగా గుమ్మెట తాడు ముడి దగ్గరికి పోయింది. విప్పబోతోంది. ఎవరూ ఆ పిల్లను లాక్కుపోనక్కర్లేదు. ఇంతమంది చప్పట్ల మధ్య తనంతట తనే నడిచిపోతుంది.

"సామానదీ తరవాత పంపిస్తార్లే," అన్నాడు వినోద్ చిన్నగా, నవ్వు చెరగకుండా. "పద."

కొండమ్మకు ఏ మాట కొట్టాలో తోచలేదు. ఏది కొట్టినా వాడికి తెలుస్తుంది. ఏది కొట్టినా పక్కనే వింటాడు. వినేదేదో విననీ అనిపించింది. గుమ్మెట ఎత్తిపట్టి, బలమంతా పెట్టి అంచు మీద ఒక్కటి వేసింది.

మాట నీది.

వినోద్ ఆమె వైపు తిరిగాడు. "ఎందుకు పిన్నీ శ్రమ? దానికి మాటలు రావు. నాకు తెలుసుగా."

కొండమ్మ మళ్ళీ వేసింది. మాట నీది. అనసూయ తంబుర కింద పెట్టి రెండడుగులు వెనక్కి వేసింది. నడుమ మైకు ఖాళీ అయింది. దళం పెట్టిన దగ్గర్నుంచీ కథ మధ్యలో ఆమె ఆ మైకు వదలడం కొండమ్మ చూడలేదు.

జనం సర్దుకున్నారు, ఇదీ కథలో భాగమే అనుకుని. స్నేహలత చెయ్యి ముడి మీద నుంచి కిందికి వచ్చింది. ఒక అడుగు వేసింది. శాలువా మీద చేతులు కూడా ఆమెతో పాటు అడుగు వేశాయి. మైకు దగ్గర నోరు తెరిచింది. ఏమీ రాలేదు. మళ్ళీ తెరిచింది.

"అయ్యా, అమ్మా," అంది. గొంతు ఎక్కడో లోపల ఉంది. "ఎడమ వంత ఇప్పటి సంగతులు చెప్పాలండి. ఇన్నాళ్ళూ చెప్పలేదు. మా పిన్ని చెప్పింది. ఇయ్యాళ నేను చెబుతాను."

గుమ్మెట మీద ఒక దరువు వేసింది.

"ఇది విన్నారాండి? ఇందాకట్నుంచి వింటానే ఉన్నారు. మీకది చప్పుడు. మాకు మాట. దీనికి ముగించు అని అర్థం."

"స్నేహా," అంది అనసూయ వెనక నుంచి. ఆ పిలుపులో భయం ఉంది. వీరాస్వామి చెప్పొద్దన్న మాటలవి. స్నేహలత వినిపించుకోలేదు.

"మా ఆయన ఇందాక ఆ కుర్చీలో కూర్చుని, చేతి మీద ఇదే వాయించారు. తాళం వేస్తన్నారనుకున్నారు మీరు. ఎబినేజర్ గారు తల కూడా ఊపారు." జనంలో కొందరు నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయారు. "ఈ మాటలు మా అనసూయ పెద్దమ్మ వాళ్ళ నాన్నగారు కథ కోసం చేశారండి. మా ఇంట్లో కథకు కాదు. మా ఆయన నా మీద ఎప్పుడూ అరవలేదు. ఎంత నెమ్మదస్తుడో, పెళ్ళాన్ని పల్లెత్తు మాట అనడు అనేవాళ్ళు చుట్టాలు. మాట ఎందుకండి? కంచం మీద వాయించేవాడు. ముగించు అంటే ఇంట్లో నోరు మూసుకోమని. నలుగురిలో ఉన్నా, మంచినీళ్ళ గ్లాసు మీద వేలితో కొట్టేవాడు. నేను లేచి లోపలికి పోయేదాన్ని. సిగ్గరి అనుకునేవాళ్ళు."

కొండమ్మకు బొటనవేలి సంగతి తెలుసు. ఇది తెలియదు. ఇన్ని కథల్లో ఎన్నిసార్లు తనే ముగించు అని కొట్టింది! కొట్టినప్పుడల్లా ఈ పిల్ల ఎందుకు అలా బిగుసుకుపోయేదో ఇప్పుడు అర్థమవుతోంది.

"ఇప్పుడు నా భుజం మీద చెయ్యి ఉంది చూడండి," అంది స్నేహలత. గొంతు ఇప్పుడు పైకి వచ్చేసింది. "శాలువా కప్పి దీవిస్తన్నారనుకుంటన్నారు. ఆ వేళ్ళు ఇంతకుముందు ఏమన్నాయో చెప్పానుగా. ఇప్పుడు ఏమంటయ్యో చూడండి. నేను చెబుతాను."

షామియానా కింద ఉన్న కళ్ళన్నీ వినోద్ కుమార్ కుడిచేతి మీద పడ్డాయి.

ఆ చెయ్యి కదల్లేదు. కదలకుండా అలా ఉంచడమూ కష్టమైంది అతనికి. తీసేశాడు. తీసి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కండువా సర్దుకున్నాడు. సర్దుకుంటున్న వేళ్ళ వంక కూడా అందరూ చూస్తుంటే వదిలేశాడు.

"అబ్బే, ఏం లేదండి," అని నవ్వాడు. "కళాకారులం కదా. మా మధ్య ఇట్టాంటి సరదాలుంటయ్. ఆటండి, ఆట."

మా ఆయన పక్కీధికి రాడన్న ముందు వరసావిడ పాడుకున్న గుమ్మడికాయ ఒళ్ళోంచి దించి పక్కన పెట్టింది. "ఆటయితే మళ్ళీ వాయించు బాబూ. మేం కూడా వింటాం."

"అమ్మా, అది..."

"వాయించవయ్యా. ఆ అమ్మాయి అర్థం చెబుతానంటంది గదా. ఇందాక లేని సిగ్గు ఇప్పుడేంటి?"

"వాయించు! వాయించు!" అన్నారు వెనక నుంచి కుర్రాళ్ళు. ఇంకా సగం ఆటగానే అన్నారు గానీ, ఆడవాళ్ళ వైపు ఎవరూ నవ్వడం లేదు. ఒకావిడ లేచి నిలబడింది. ఆవిడను చూసి ఇంకొకావిడ.

వినోద్ కుమార్ మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది, తీసెయ్యడం మర్చిపోయినట్టు. స్నేహలత వైపు వంగి, "ఇంటికి రా, మాట్లాడుకుందాం," అన్నాడు. మైకు ముందు అన్నాడని గమనించలేదు. ఆ మాట మీటింగంతా వినపడింది.

"నేను రాను," అంది స్నేహలత. మైకులోనే అంది. శాలువా తీసి మడత పెట్టి అతని చేతిలో పెట్టింది. "రానండి."

ఎబినేజర్ గారు అంతసేపూ నోరు తెరుచుకునే ఉన్నారు. ఇప్పుడు మూసుకుని, గొంతు సవరించుకుని వినోద్ మోచెయ్యి పట్టుకున్నారు. పెద్దమనిషి, గట్టిగా మాట్లాడటం అలవాటు లేనివాడు. "బాబూ, కిందికి దిగుదాం రండి. కథ ఇంకా అవలేదు. ఆకలిగా ఉంటే మీకు ముందే వడ్డించమంటాను. తిని వెళ్ళండి. అమ్మాయి మాత్రం రానంటంది, విన్నారుగా."

అతను తినలేదు. చెప్పులు వేసుకుని, ఎవరి వంకా చూడకుండా గుడి పక్కకు పోయాడు. కారు మాత్రం కదల్లేదు. లోపల దీపం వెలిగి ఆరింది.

అనసూయ ముందుకొచ్చి తంబుర ఎత్తుకుంది. బొంగురు గొంతుతోనే ఉప్పెనను ఈసారి నిజంగా వెనక్కి పంపింది, అక్కమ్మను గట్టెక్కించింది, మంగళం పాడింది. స్నేహలత వాయించింది. చివరి దరువుకు జనం లేవలేదు. విందు పిలుపు వచ్చినా, ముందు వరసావిడ ఇంకో నలుగురిని వెంటేసుకుని స్టేజీ దగ్గరికొచ్చి, "మీ ముగ్గురూ మాతోపాటే కూర్చుని తినండి," అంది. అది పిలుపులా లేదు, కట్టడిలా ఉంది.

తిరుగు ప్రయాణానికి రెండు ఆటోలు కట్టించారు ఎబినేజర్ గారు. ముందు ఆటోలో దళం, వెనక ఆటోలో గుడి ఆడవాళ్ళు. బాపట్ల రోడ్డెక్కాక కారు లైట్లు వెనక కనిపించాయి. చాలాదూరం కనిపించాయి. స్నేహలత గుమ్మెటను రెండు చేతులతో ఒళ్ళో పట్టుకుని ముందుకే చూసింది. బాపట్ల మొదట్లో కారు ఎటో తిరిగిపోయింది. అయినా తెనాలి రైలు వచ్చేదాకా ఆ ఆడవాళ్ళు స్టేషన్లోంచి కదల్లేదు. "ఇంతటితో ఊరుకుంటాడంటావా?" అని కొండమ్మ అడిగితే, "ఊరుకోడు," అంది స్నేహలత. "పెద్దమనుషుల్ని తెస్తాడు. తేనీ పిన్నీ. వాళ్ళకీ చెబుతాను."

నిడుబ్రోలు దాటినా అనసూయ నోరు విప్పలేదు. కిటికీలోంచి చీకటి పడిన చేలను చూస్తోంది. కొండమ్మకు ఆ మౌనం కారు లైట్ల కంటే బరువనిపించింది. ఆఖరికి స్నేహలతే అంది.

"పెద్దమ్మా. తాతగారి మాటలు బయట పెట్టేశాను. తప్పయిపోయింది."

"చచ్చినా ఎవరికీ చెప్పనని నాన్న నా చేత ప్రమాణం చేయించాడే," అంది అనసూయ కిటికీ వైపే చూస్తూ. "పోలీసులు కొడితే కూడా చెప్పలేదాయన. అంతా గుమ్మెటలో దాచుకున్నాడు." కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "కంచం మీద వాయించటానికి చేశాడా? చెప్పు. దానికోసం చేశాడా?"

"కాదు పెద్దమ్మా."

"మరింకేం? ఆ భాష అక్కడే చచ్చిపోయింది, ఆ కంచం దగ్గరే. నువ్వు ఇయ్యాళ పాతిపెట్టావు, అంతే." ఇటు తిరిగింది. కళ్ళు తుడుచుకోలేదు. "అది సరే. ఎల్లుండి జంపనిలో కథ ఉంది. నాకు గొంతు పట్టేసిందనుకో. మీకెట్టా చెప్పాలి? ముగించు అని ఇంక మనలో ఎవరూ కొట్టరు. ఏం చేద్దాం?"

"దగ్గు అక్కా," అంది కొండమ్మ. "నీకు ఎట్టాగూ వస్తదిగా."

"నీ మొహం. హాస్యం స్టేజీ మీద చాలు."

స్నేహలత నవ్వింది, చిన్నగా. గుమ్మెట ఒళ్ళోకి జరుపుకుంది. ఎదుటి సీట్లో ఉన్నవాళ్ళు చూస్తున్నారని కూడా చూసుకోకుండా, ఆ వంకర బొటనవేలితో తోలు మీద ఏదో వేసింది. కొండమ్మ చెవి పెట్టి విన్నది. సాగదీయి కాదు, ముగించు కాదు, ఆపద కాదు. ఎప్పుడూ విన్న దరువు కాదు.

"ఏంటే అది? దానికేం అర్థం?"

"తెలీదు పిన్నీ," అంది స్నేహలత, మళ్ళీ వేస్తూ. "ఇంకా అనుకోలేదు."